ముందు పాఠకులను వెతకండి, తరువాత బ్లాగు తెరవండి

ప్రశ్న

మాస్టారికి నమస్కారం. నేను నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. కిందటి ఏడాది ఎనిమిదో తరగతి పిల్లలతో ఒక బ్లాగు మొదలుపెట్టాను. స్వాతంత్ర్య దినోత్సవం, పర్యావరణ పరిరక్షణ, గురుపూజోత్సవం... ఇలా 12 టపాలు పెట్టాక ఆగిపోయింది. 34 మందిలో ముగ్గురే రాశారు. వాళ్లు కూడా చాలావరకు గైడు చూసి రాశారు. చదివినవాళ్లు లేరు. పిల్లల ఫొటోలు అలా అందరికీ కనిపించేలా పెట్టవచ్చా అని ప్రధానోపాధ్యాయుడు అడిగారు. మార్కులు వచ్చే పని చేయించండి అని ఒక తండ్రి అన్నారు. వెనుక బెంచీలో ఒక అబ్బాయి ఉన్నాడు, గొర్రెల కాపరి ఇంటివాడు. పరీక్షలో రెండు వాక్యాలు కూడా రాయడు. గొర్రెల గురించి అడిగితే మాత్రం గంటసేపు చెబుతాడు. వాడి చేత ఒక్క టపా అయినా రాయించాలని నా కోరిక. ఈ పిల్లలే ఇప్పుడు తొమ్మిదికి వస్తున్నారు, తెలుగు మళ్లీ నాదే. జూన్‌లో బడి తెరవగానే మళ్లీ మొదలుపెట్టమంటారా?

సమాధానం

మొదలుపెట్టండి, అమ్మా. అయితే జూన్‌లో వద్దు. జూన్ 12న బడి తెరిచాక రెండున్నర నెలలు కంప్యూటర్ జోలికి పోకండి. మొదటి టపాకు నేను చెప్పే రోజు ఆగస్టు 29. ఆ రోజే ఎందుకో తరువాత చెబుతాను.

మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపిన మాట "చదివినవాళ్లు లేరు" అన్నది. దాన్ని మీరు ఫలితంగా రాశారు. నాకు అది కారణంగా కనిపిస్తోంది. పిల్లవాడు పరీక్షలో రాసేది టీచరు కోసం. జవాబు టీచరుకు ముందే తెలుసు. తెలిసినవాళ్లకు తెలిసిన సంగతి చెప్పడానికి ఎవరికీ ఉత్సాహం ఉండదు. అందుకే గైడు తెరుస్తాడు. మీ 12 టపాలూ అలాంటి రాతలే. పర్యావరణ పరిరక్షణ గురించి మీ ముగ్గురు పిల్లలు చెప్పకపోతే తెలుసుకోలేనివాళ్లు ఎవరున్నారు? ఎవరికీ అవసరం లేని రాతను ఎవరూ చదవలేదు. ఇందులో పిల్లల తప్పు లేదు, మీ తప్పు కూడా లేదు. కాగితం నుంచి తెర మీదికి మారింది చోటు ఒక్కటే, అది అదే పరీక్ష రాత.

ఈ విషయంలో నాకు దారి చూపిన మనిషి ఒక ఫ్రెంచి బడిపంతులు, సెలెస్తాన్ ఫ్రెనే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తికి గాయమై, గట్టిగా మాట్లాడలేని స్థితిలో ఆయన దక్షిణ ఫ్రాన్స్ కొండల్లోని బార్-సుర్-లూ అనే ఊళ్లో ఉపాధ్యాయుడిగా చేరారు. గంటల తరబడి పాఠం చెప్పే శక్తి లేదు. పిల్లలను బయటికి తీసుకువెళ్లి, వాళ్లు చూసినవి వాళ్ల చేతనే చెప్పించి, రాయించేవారు. 1924లో ఒక చిన్న అచ్చుయంత్రం కొని తరగతి గదిలో పెట్టారు. పిల్లలు తమ మాటలను తామే ఒక్కొక్క అక్షరంగా పేర్చి అచ్చు వేసుకున్నారు. అంతవరకు అయితే అది ముచ్చటైన చేతిపని. ఆ కాగితాలు ఫ్రాన్స్ మరో కొసన, బ్రిటనీ తీరంలోని ఒక బడికి వెళ్లడం మొదలయ్యాక అసలు మార్పు వచ్చింది. అక్కడి పిల్లలు సముద్రం ఒడ్డువాళ్లు, వీళ్లు కొండ పిల్లలు. వీళ్లకు రోజూ కనిపించేది వాళ్లు ఎప్పుడూ చూడనిది. ఇప్పుడు రాయడానికి కారణం దొరికింది. అక్షరదోషం దిద్దుకోవడానికి కూడా కారణం దొరికింది, ఎందుకంటే అక్కడెక్కడో ఒక పిల్ల అది చదివి అర్థం చేసుకోవాలి.

మీ బ్లాగుకు కూడా అలాంటి బడి ఒకటి కావాలి. ఈ జూన్‌లో మీరు వెతకవలసింది అదే. మీ జిల్లాలోనే ఒక వైపు మెట్ట, ఇంకో వైపు సముద్రం. తీరంలో ఎక్కడో పనిచేస్తున్న తెలుగు ఉపాధ్యాయులు మీకు శిక్షణ తరగతుల్లో పరిచయమై ఉంటారు. ఒక్కరిని ఒప్పించండి. "మా పిల్లలు నెలకు రెండు రాతలు పంపుతారు, మీ పిల్లలు చదివి ఒక్కొక్క ప్రశ్న రాసి పంపాలి" అంటే చాలు. రెండో ఏడాదికి కావాలంటే అమెరికాలో సిలికానాంధ్ర మనబడి వంటి చోట్ల వారాంతాల్లో తెలుగు నేర్చుకునే పిల్లలతో కలపండి. గొర్రెల దొడ్డి అంటే ఏమిటో నిజంగానే తెలియని తెలుగు పిల్లలు అక్కడ ఉన్నారు. వాళ్లకు చెప్పాలంటే మీ పిల్లలు ప్రతి మాటా విడమరచాలి. అయితే దూరపు చుట్టరికం మొదటి ఏడాదే పెట్టుకోవద్దు. ఉత్సాహం ఎక్కువగా, జవాబులు ఆలస్యంగా ఉంటాయి.

బడి దొరికేదాకా గోడ పత్రిక పెట్టండి. ఒక చార్టు, నాలుగు పిన్నులు. ప్రతి సోమవారం ఒక పిల్లవాడి రాత. దాని కింద ఖాళీ కాగితం, ప్రశ్నలు రాయడానికి. ప్రశంసలు వద్దు, ప్రశ్నలే రాయాలన్నది నియమం. "సూపర్", "చాలా బాగుంది" అని రాస్తే రాసినవాడికి ఏమీ అందదు. "మీ బావి ఎండిపోయాక బిందెలు ఎక్కడికి తీసుకువెళ్లేవాళ్లు?" అని అడిగితే వాడికి రెండో రాత దొరుకుతుంది. ఈ అలవాటు గోడ మీద కుదిరితే తెర మీద కుదురుతుంది. గోడ మీద కుదరనిది తెర మీద కుదరదు.

ఇక ఆ అబ్బాయి సంగతి. మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు మీరు రాసినదంతా వాడి కోసమే అనిపించింది.

గైడులో గొర్రె మీద వ్యాసం ఎలా ఉంటుందో మీకు తెలుసు. గొర్రె సాధుజంతువు, మనకు మాంసాన్ని, ఉన్నిని ఇస్తుంది. వాడు పరీక్షలో ఇది రాయలేదంటే నాకు ఆశ్చర్యం లేదు. మీ ప్రాంతపు గొర్రెకు ఉన్ని ఉండదు! నెల్లూరు జాతి గొర్రె పొడవు కాళ్లతో, ఎత్తుగా, పొట్టి వెంట్రుకలతో ఉంటుంది. దాన్ని పెంచేది మాంసం కోసం. అందులో మూడు రకాలు చెబుతారు: తెల్లటి పల్ల, ఎర్రటి దొర, తెల్లటి ఒంటి మీద పెదవుల చుట్టూ, కళ్ల చుట్టూ నల్ల మచ్చలుండే జోడిపి. ఇవన్నీ ఆ పిల్లవాడికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. తనకు తెలిసింది ఒకటి, పుస్తకంలో ఉన్నది మరొకటి. ఏది రాయాలో తెలియక కలం పక్కన పెట్టాడేమో. వాడు రాయకపోవడం వెనుక రాయలేకపోవడం కాక, అబద్ధం రాయడం ఇష్టం లేకపోవడం కూడా ఉండవచ్చని ఒక్కసారి ఆలోచించండి.

వాడిని "రాయి" అనకండి. చెప్పమనండి. పక్కన వేగంగా రాయగల పిల్లనో పిల్లవాడినో కూర్చోబెట్టి, చెప్పింది చెప్పినట్టు రాయించండి. తరువాత దాన్ని వాడికే చదివి వినిపించాలి. ఆ క్షణం చూడండి: "అట్లా కాదు, ముందు మందను ఆపాలి, ఆ తరువాత లెక్క" అని వాడే దిద్దడం మొదలుపెడతాడు. దిద్దడం మొదలుపెట్టినవాడు రాయడం మొదలుపెట్టినట్టే. రెండోసారి సగం వాడు రాస్తాడు. మూడోసారి పక్కన ఎవరూ అక్కరలేదు. ఇది నా తరగతిలో ఒకటికి నాలుగుసార్లు జరిగింది కనుక ధైర్యంగా చెబుతున్నాను.

ఏమి అడగాలో కూడా ముఖ్యమే. "గొర్రెల గురించి చెప్పు" అంటే వాడు కూడా వ్యాసంలోకి జారిపోతాడు. రెండు మందలు కలిసిపోతే మీవి ఎలా వేరు చేస్తారు? రైతు పొలంలో రాత్రి మంద కడితే ఎరువు పడినందుకు మీకు ఏమి ఇస్తారు? తల్లి చనిపోయిన పిల్లకు పాలు ఎవరు పడతారు? ఎండాకాలంలో ఎంత దూరం తోలుకుపోతారు, రాత్రి ఎక్కడ పడుకుంటారు? ఒక్కొక్క ప్రశ్నకు ఒక టపా వస్తుంది. మిగతా పిల్లలకు కూడా ఇదే పద్ధతి. మధ్యాహ్న భోజనం వండే ఆయా పొద్దున ఎన్ని గంటలకు పొయ్యి వెలిగిస్తుంది, ఎన్ని కిలోల బియ్యం కడుగుతుంది? మీ ఇంట్లో బోరు ఎన్ని అడుగులు వేశారు, ఎక్కడ నీళ్లు పడ్డాయి, ఎక్కడ పడలేదు? మీ పొలాలకు ఏమేమి పేర్లున్నాయి, ఆ పేర్లు ఎందుకు వచ్చాయి? రాత చేతికి రాగానే మీరు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఇది గైడులో దొరుకుతుందా? దొరికితే వెనక్కి ఇవ్వండి. ఇప్పుడు ఫోనులో కృత్రిమ మేధను అడిగి వ్యాసం తెచ్చే పిల్లలూ ఉన్నారు. అక్కడ కూడా ఈ ప్రశ్నే కాపాడుతుంది. మీ ఊరి ఆయా పొద్దున పొయ్యి వెలిగించే వేళ ఏ యంత్రానికీ తెలియదు.

ఒక జాగ్రత్త. ఇంటి వృత్తి గురించి రాయమని ఎవరినీ బలవంతం చేయకండి. మన ఊళ్లలో వృత్తి చెబితే కులం చెప్పినట్టే. ఈ అబ్బాయి ఇష్టంగా చెబుతున్నాడు కనుక సరే. చెప్పడానికి వెనుకాడే పిల్ల ఉంటే ఆమెకు పొలాల పేర్ల ప్రశ్న ఇవ్వండి. ఎవరైనా నవ్వితే ఆ నవ్వును ఆ రోజే, అక్కడే ఆపండి.

దిద్దడం గురించి నేను బాధతో నేర్చుకున్నది ఒకటి ఉంది. చాలా ఏళ్ల కిందట ఒక అమ్మాయి వాళ్ల నాయనమ్మ చింతపండు కొట్టే తీరు రాసింది. నేను దాన్ని ఎర్ర సిరాతో ఎంత శ్రద్ధగా దిద్దానంటే, ప్రతి వాక్యం నాది అయిపోయింది. పాఠశాల పత్రికలో అచ్చయ్యాక ఆ కాగితం ఇస్తే, ఆమె తన పేరు చూసుకుని, రెండు వాక్యాలు చదివి, "ఇది నేను రాసింది కాదు సార్" అని తిరిగి ఇచ్చింది. కోపంతో అనలేదు. నిజం చెప్పింది. ఆ ఏడాది ఆమె మళ్లీ రాయలేదు. అప్పటి నుంచి నా నియమం: అక్షరదోషాలు దిద్దాలి, పాఠకుడికి అర్థం కాని చోట అడగాలి, మాట మాత్రం మార్చకూడదు. వాళ్ల ఇంటి మాట ఉంటే ఉండనివ్వండి. తీరప్రాంతపు పిల్లలకు అర్థం కాకపోతే వాళ్లు అడుగుతారు, వీళ్లు వివరిస్తారు. చదివేవాళ్లు ఉన్నందుకు లాభమే అది.

ఆగస్టు 29 అన్నది ఇందుకే. అది గిడుగు వెంకట రామమూర్తి పుట్టిన రోజు, మన తెలుగు భాషా దినోత్సవం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన సవరలు అనే గిరిజనుల భాష నేర్చుకున్నారు, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే పాఠాలు తయారు చేశారు, ఆ తరువాత తెలుగు పిల్లలకు కూడా వాడుక భాషలోనే చదువు ఉండాలని జీవితాంతం పోరాడారు. ప్రతి ఏడాదీ ఆ రోజు మన బడుల్లో ఆయన మీద ఒక వ్యాసాన్ని చూసి రాయిస్తాము. ఈసారి ఆ పని మానేసి, గొర్రెల కాపరి ఇంటి పిల్లవాడు తన మాటల్లో రాసిన దాన్ని మీ మొదటి టపాగా పెట్టండి. గిడుగు వారికి అంతకు మించిన దండ నాకు తోచడం లేదు.

ముగ్గురే రాస్తున్నారన్న దిగులు లెక్కతో తీరిపోతుంది. ఏడాదికి 220 పనిదినాలంటే వారాలు సుమారు 36. మీ పిల్లలు 34 మంది. గోడ పత్రికతో కలిపి వారానికి ఒక్క రాత, ఒక్కరికి ఒక్క వంతు. ఎవరూ మిగలరు. పరీక్షల వారాల్లో తప్పిపోయిన వంతును ఆ తరువాతి వారం జతగా వేయండి. ఆ ముగ్గురికి మొదటి రెండు నెలలు వంతు ఇవ్వకండి. పక్కవాళ్లు చెప్పింది రాసిపెట్టే పని, చదివి ప్రశ్న అడిగే పని ఇవ్వండి. బాగా రాసే పిల్లలకు బాగా వినడం నేర్పినట్టూ అవుతుంది. వారానికి ఒక్కటే అయితే మీ మీద కూడా భారం ఉండదు. కిందటి ఏడాది బ్లాగు ఆగిపోవడానికి మీ అలసట కూడా కొంత కారణమని మీ ఉత్తరం చెప్పకనే చెబుతోంది.

ప్రధానోపాధ్యాయుడు అడిగింది చాలా సరైన ప్రశ్న. ఆయనను అడ్డంకిగా అనుకోకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని అందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వ్యక్తిగత సమాచారాన్ని వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, తొమ్మిదో తరగతి ఆడపిల్ల ముఖం, పేరు, ఊరు, బడి ఒకే చోట ఎవరికైనా కనిపించేలా ఉంచడం మనం చేయదగిన పని కాదు. కాబట్టి పాత టపాల్లోని ఫొటోలు ఈ రోజే తీసేయండి. ఇక ముఖాలు వద్దు. గొర్రె ఫొటో, బావి ఫొటో, పిల్లలు గీసిన బొమ్మ, వాళ్ల చేతిరాత ఫొటో పెట్టండి. ఫోనులో ఫొటో తీసేటప్పుడు లొకేషన్ ఆపి ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ఫొటోతో పాటు చోటు కూడా వెళ్లిపోతుంది. రాసినవారికి కలం పేరు. అది వాళ్లే పెట్టుకుంటే ఎంత సంబరపడతారో చూడండి. బడి పేరు, ఊరి పేరు టపాలో ఉండనక్కరలేదు.

పిల్లల చేత ఖాతాలు తెరిపించవద్దు. ఖాతా ఒక్కటే, అది బడిది, దాని పాస్‌వర్డ్ మీకూ ప్రధానోపాధ్యాయుడికీ తెలియాలి. మీకు బదిలీ అయినా బ్లాగు బడికే ఉంటుంది. గూగుల్ వారి బ్లాగర్‌లో అయినా మరెక్కడైనా ఎవరు చూడవచ్చో నిర్ణయించే వీలు ఉంటుంది. మొదటి మూడు నెలలు మీ తరగతికి, స్నేహపు బడికి మాత్రమే కనిపించేలా ఉంచండి. వ్యాఖ్యలు మీరు చూసి అనుమతిస్తేనే బయటికి రావాలి, ఈ అమరిక మొదటి రోజే చేయండి. తల్లిదండ్రుల సమ్మతి కాగితం తెలుగులో ఒక పేజీ మించకూడదు. "ఎప్పుడు వద్దంటే అప్పుడు తీసేస్తాము" అన్న వాక్యం అందులో తప్పనిసరిగా ఉండాలి. చదువు రాని తల్లిదండ్రులకు కాగితం ఇచ్చి వేలిముద్ర తీసుకుంటే అది సమ్మతి కాదు. వాళ్లు బడికి వచ్చిన రోజు వాళ్ల పిల్లవాడి రాత చదివి వినిపించండి. మీరు అడగబోయేది అప్పుడు వాళ్లకు అర్థమవుతుంది.

మార్కులు అడిగిన ఆ తండ్రికి కూడా జవాబు ఉంది. తెలుగు వాచకంలో స్వీయరచన, సృజనాత్మకత, ప్రాజెక్టు పని అన్నీ మదింపు చేసే అంశాలే. ఈ రాతలను అక్కడ లెక్కించండి, ఆ మాట ఆయనకు చెప్పండి. కానీ టపా కింద మార్కు మాత్రం ఎప్పుడూ వేయకండి. మార్కు పడిన చోట మళ్లీ పరీక్ష రాతే వస్తుంది.

ఇంకొకటి చెప్పడం కష్టమే కానీ చెప్పాలి. పిల్లలకు నిజం రాసే చోటు ఇస్తే, ఏదో ఒక రోజు ఒక కాగితంలో మీరు ఊహించని నిజం వస్తుంది. ఇంట్లో కొట్టడం, చదువు మాన్పించి పెళ్లి చేయాలనుకోవడం, ఇంకా ఘోరమైనది కావచ్చు. ఆ కాగితం గోడ మీదికీ పోకూడదు, బ్లాగులోకీ పోకూడదు, ఇంకో పిల్ల చేతికీ పోకూడదు. అందుకే చిత్తుప్రతులు ముందు మీరే చదవాలి. ఆ పిల్లతో ఒంటరిగా, తొందర లేకుండా మాట్లాడండి. 1098 పిల్లల సహాయ నంబరు, పగలైనా రాత్రయినా పలుకుతుంది. లైంగిక వేధింపు అయితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి, ఇంటివాళ్లు సర్దుకుంటామన్నా సరే. మీకు అలాంటి రోజు రాకూడదని కోరుకుంటాను. వస్తే ఆ పిల్ల మిమ్మల్ని నమ్మి రాసిందని గుర్తుపెట్టుకోండి.

టైపింగ్ గురించి మీరు అడగలేదు కానీ అడుగుతారు. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించకండి. అది అచ్చుకు పనికివస్తుంది, బ్లాగులో అతికిస్తే అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. ఏ తెర మీదైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్ అక్షరాలే కావాలి. లేఖిని అనే వెబ్‌సైటులో ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు వస్తుంది, మీకు అది సులువు. ఇంగ్లిషు అక్షరాలు సరిగా రాని పిల్లలకు మాత్రం అది రెండింతల బరువు. వాళ్లకు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక నేర్పండి. అందులో తెలుగు అక్షరానికి తెలుగు మీటే ఉంటుంది, చాలా కంప్యూటర్లలో ముందే ఉంటుంది. ఫోనులో మాటను అక్షరంగా మార్చే సదుపాయం కూడా వాడుకోవచ్చు. పిల్లవాడు తన చిత్తుప్రతిని గట్టిగా చదువుతాడు, ఫోను రాస్తుంది, తప్పుగా విన్న మాటలను పిల్లలు దిద్దుతారు. "జోడిపి" అన్న మాటను ఫోను ఏమని వింటుందో చూసి తరగతి అంతా నవ్వుకుంటారు, ఒత్తులూ గుణింతాలూ ఆ నవ్వులోనే వచ్చేస్తాయి.

సెప్టెంబరులో నాకు మళ్లీ రాయండి. మొదటి టపా కాగితం మీద పంపినా చాలు. ఈలోగా ఆ అబ్బాయిని నా తరఫున ఒక మాట అడగండి. చీకటి పడ్డాక మంద దొడ్డిలోకి వస్తుంది కదా, ఒక్క గొర్రె తగ్గితే వాళ్ల నాన్నకు లెక్కపెట్టకుండానే తెలిసిపోతుందని విన్నాను. అది నిజమేనా, నిజమైతే ఎలా తెలుస్తుంది? నాకు నిజంగా తెలియదు. వాడే చెప్పాలి.